స్పార్కా, పెట్రోలా? ముందు అది తేల్చండి

(పాత ఇంజెక్షన్ కార్ల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు మా ఆటో ఎలక్ట్రీషియన్ జవాబులు)

ప్రశ్న: మాస్టారూ, నాది 1999 మోడల్ పెట్రోల్ కారు. నాలుగు సిలిండర్లు, ఇంజెక్షన్ బండి. పొద్దున తాళం తిప్పితే చాలు, వెంటనే అందుకుంటుంది. అరగంటో ముప్పావుగంటో నడిచి బాగా వేడెక్కాక, అదీ ట్రాఫిక్‌లో ఉన్నప్పుడు, ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతుంది కానీ ఇంజిన్ అందుకోదు. బానెట్ ఎత్తి కాసేపు వదిలేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇప్పటికే పెట్రోల్ పంపు, ఫిల్టర్, ప్లగ్గులు మార్చారు, ట్యాంకు కూడా కడిగారు. స్కానర్‌లో ఏ తప్పూ కనిపించడం లేదు. ఇప్పుడు కాయిల్ (స్పార్క్‌కు కావాల్సిన వోల్టేజీ పుట్టించేది) మార్చమంటున్నారు. మార్చించనా?

జవాబు: వద్దండీ. ఇంతవరకూ మార్చినవన్నీ బండి బాగా నడుస్తున్నప్పుడు చూసి మార్చినవే. షెడ్డుకు చేరేసరికి ఇంజిన్ చల్లారిపోతుంది, అన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. ఆ తర్వాత చేసేదంతా ఊహే. మీ బండి జబ్బు తెలిసేది అది ఆగిపోయి మొండికేసిన ఆ కాసేపట్లోనే. కాబట్టి ఈసారి ఆగినప్పుడు టెన్షన్ పడకుండా, బండిని పక్కకు తోసుకుని, అక్కడే నాలుగు సంగతులు చూడండి. వీటికి సామాన్లు కూడా అక్కర్లేదు.

మొదటిది, ఆగిపోతున్న క్షణంలో ఆర్‌పీఎం ముల్లు ఏం చేసింది? గేరులో ఉండి బండి ఇంకా కదులుతుంటే ఇంజిన్ కూడా తిరుగుతూనే ఉంటుంది. అయినా ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోయిందంటే పోయింది కరెంటు వైపు. ఇంజిన్ రెండు మూడుసార్లు తడబడి, గుంజి, ముల్లు నెమ్మదిగా దిగిందంటే పెట్రోల్ అందలేదన్న అనుమానం బలపడుతుంది.

రెండోది, తాళం ఆన్‌లో పెట్టినప్పుడు చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? వెలగకపోతే కంట్రోల్ యూనిట్‌కే, అంటే ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కే, కరెంటు అందడం లేదేమో చూడాలి. అప్పుడు పంపునీ కాయిల్‌నీ అని లాభం లేదు.

మూడోది, అదే సమయంలో వెనక సీటు కింద నుంచో ట్యాంకు దగ్గర నుంచో రెండు సెకన్ల పాటు 'ఉమ్‌మ్' అని పంపు శబ్దం రావాలి. చాలా కార్లలో వస్తుంది. రోడ్డు మీద రొదగా ఉంటే ఒకరిని వెనక కూర్చోబెట్టి వినమనండి.

నాలుగోది, సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఆర్‌పీఎం ముల్లు కాస్తయినా లేచి, రెండు మూడు వందల దగ్గర ఆడుతోందా? లేక సున్నా దగ్గరే అతుక్కుని ఉందా?

ఈ నాలుగోదాని మీద కాస్త ఆగాలి. మీ బండిలో నాకు ముందుగా అనుమానం వచ్చింది క్రాంక్ సెన్సార్ మీదే. క్రాంక్ పుల్లీ దగ్గరో ఫ్లైవీల్ దగ్గరో వేలెడంత ఉంటుంది. పాత బండ్లలో ఎక్కువగా లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని తీగ చుట్ట. ఎదురుగా పళ్ల చక్రం తిరుగుతుంటే ఆ తీగలో చిన్న ఏసీ వోల్టేజీ పుడుతుంది. ఇంజిన్ తిరుగుతోందనీ, పిస్టన్ ఎక్కడుందనీ కంట్రోల్ యూనిట్‌కు తెలిసేది దానివల్లే. ఏళ్ల తరబడి వేడికి ఆ తీగలో ఎక్కడో పగులు పడుతుంది. చల్లగా ఉంటే పగులు అంచులు కలిసి ఉంటాయి. వేడెక్కితే విడిపోతాయి. చల్లారితే మళ్లీ కలుస్తాయి. మీరు రాసిన లక్షణాలకు ఇది అచ్చంగా సరిపోతుంది.

మరి స్కానర్‌కు ఎందుకు దొరకలేదు? ఆ సిగ్నల్ ఆగిపోతే చాలా పాత కంట్రోల్ యూనిట్లు సెన్సార్ చెడిందని అనుకోవు, ఇంజిన్ ఆగిందనే అనుకుంటాయి. ఆగిన ఇంజిన్‌లో రాసుకోవాల్సిన తప్పేముంటుంది? అందుకే స్కానర్‌లో తప్పును తెలిపే కోడ్ ఉండదు. 'కోడ్ లేదు కాబట్టి సెన్సార్ బాగానే ఉంది' అనే మాట నేను ఒప్పుకోను.

పంపు ఎందుకు బలైపోయిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. తాళం ఆన్ చేయగానే పంపు రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఆపైన ఇంజిన్ తిరుగుతున్నట్టు సిగ్నల్ వస్తేనే కంట్రోల్ యూనిట్ పంపు రిలేను (పంపుకు కరెంటు కలిపే ఎలక్ట్రిక్ స్విచ్చును) పట్టి ఉంచుతుంది. యాక్సిడెంట్ అయి ఇంజిన్ ఆగితే పెట్రోల్ చిమ్ముతూ ఉండకూడదని ఈ ఏర్పాటు. క్రాంక్ సిగ్నల్ పోయిందంటే స్పార్కూ పోతుంది, ఇంజెక్టర్లూ తెరుచుకోవు, పంపూ ఆగిపోతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు పంపు దగ్గర మీటర్ పెట్టి, 'కరెంటు రావడం లేదు, పంపు తిరగడం లేదు' అని పంపునే మార్చేస్తారు. పంపుకు ఆజ్ఞ ఇచ్చేవాడు ఎందుకు ఇవ్వలేదని ఎవరూ అడగరు.

స్పార్కూ పెట్రోలూ రెండూ ఒకేసారి మాయమైతే రెండు పార్టులు ఒకేసారి చెడాయని అనుకోకండి. రెండింటికీ పైన ఉన్నది చూడండి. క్రాంక్ సెన్సార్, మెయిన్ రిలే, ఇగ్నిషన్ స్విచ్, కంట్రోల్ యూనిట్ ఎర్త్. నా లెక్కలో వరస ఇదే. రెండింటిలో ఒకటే పోతే అప్పుడు ఆ దారిలోకి వెళ్లండి.

నిర్ధారణ ఇలా చేయండి. బండి ఆగినప్పుడు సెన్సార్ కప్లర్ (వైర్లను కలిపే కనెక్టర్) విప్పి, రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్స్ కొలవండి. చల్లగా ఉన్నప్పుడు ముందే కొలిచి రాసి పెట్టుకోండి. బండిని బట్టి మారుతుంది కానీ, రెండు వైర్ల రకంలో మామూలుగా కొన్ని వందల నుంచి వెయ్యి దరిదాపుల్లో ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు ఓ అంకె చూపించి, వేడిలో మీటర్ 'ఓపెన్' అన్నదంటే దొంగ దొరికినట్టే. మీటర్ లేకపోతే సెన్సార్ మీద తడిగుడ్డ వేసి రెండు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే అదీ గట్టి సాక్ష్యమే. బెల్టులకూ ఫ్యానుకూ చెయ్యి దూరంగా ఉంచండి. మీ బండిలో మూడు వైర్ల సెన్సార్ ఉంటే అది హాల్ రకం (తీగ చుట్ట బదులు ఎలక్ట్రానిక్ చిప్ ఉండేది) కావచ్చు, మాన్యువల్‌లో చూసుకోండి. హాల్ రకమైతే దాన్ని ఓమ్స్‌లో కొలవకూడదు. దానికి సప్లై వోల్టేజీ వస్తోందా, సెల్ఫ్ కొట్టినప్పుడు సిగ్నల్ వైరులో పల్స్ కదులుతోందా అని చూడాలి.

సెల్ఫ్ కొట్టినప్పుడు ముల్లు ఆడుతోంది, స్పార్క్ ఉంది, పంపు మాత్రం మూగబోయింది అంటే రిలే బయటకు తీయండి. డ్యాష్‌బోర్డు కింద వేడిలో మగ్గే రిలేలు ఉంటాయి కొన్ని కార్లలో. మూత విప్పి, లోపలి సర్క్యూట్ బోర్డును భూతద్దం కింద పెట్టి, ఒక్కో పిన్ను మొదట్లో టంకం చుట్టూ చూడండి. బాగున్న టంకం నున్నగా మెరుస్తూ పిన్నును అంటిపెట్టుకుని ఉంటుంది. చెడిన చోట పిన్ను చుట్టూ సన్నని నల్లటి వలయం కనిపిస్తుంది. పిన్నును గోటితో నెడితే ఆ వలయంలో లేశమంత కదలిక. వేడికి కాంటాక్టు విడిపోయేది అక్కడే. తిరిగి టంకం వేస్తే నడుస్తుంది, కొత్త రిలే అయితే ఇంకా నయం.

ఇదంతా చూశాక కాయిల్ సంగతి ఆలోచిద్దాం. వేడికి కాయిల్ చెడిపోదని కాదు, చెడుతుంది. కానీ అప్పుడు పంపు తిరుగుతూ ఉంటుంది, ముల్లు ఆడుతుంది, ప్లగ్గు తీసి చూస్తే పెట్రోల్‌తో తడిసి ఉంటుంది.

ప్రశ్న: నమస్కారం సార్. నా కారు డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా స్పార్క్ పంచేది) ఉన్న పాత ఇంజెక్షన్ మోడల్. ఐడ్లింగ్‌లో ఒణుకుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్సింగ్ కొడుతుంది. వానాకాలం మరీ ఎక్కువ. స్కానర్‌లో 'మిశ్రమం పలచన' (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అని వచ్చిందని ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, ఆక్సిజన్ సెన్సార్ మార్చారు. తేడా లేదు. ప్లగ్గులు తీస్తే మూడోది నల్లగా తడిగా ఉంది. మిశ్రమం పలచనైతే ప్లగ్గు నల్లగా ఎందుకుంటుందని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు.

జవాబు: మీరు అడిగిన ప్రశ్నే అసలు ప్రశ్న అమ్మా. దాన్ని పట్టుకుని ఉంటే సెన్సార్ కొనాల్సిన పని ఉండేది కాదు.

ఆక్సిజన్ సెన్సార్ పెట్రోల్‌ను చూడదు. సైలెన్సర్‌లోకి వెళ్లే పొగలో మిగిలిపోయిన ఆక్సిజన్‌ను మాత్రమే చూస్తుంది. ఆక్సిజన్ తక్కువుంటే 0.9 వోల్టు వైపు, ఎక్కువుంటే 0.1 వైపు చూపిస్తుంది. మూడో సిలిండర్‌లో స్పార్క్ తప్పిందనుకోండి. అందులోకి వచ్చిన గాలీ పెట్రోలూ కాలకుండా అలాగే బయటికి పోతాయి. ఆ గాలిలోని ఆక్సిజన్ సెన్సార్‌కు తగులుతుంది. అది 'ఆక్సిజన్ ఎక్కువైంది, మిశ్రమం పలచన' అని చెబుతుంది. కంట్రోల్ యూనిట్ దాన్ని నమ్మి పెట్రోల్ పెంచుతుంది. ఆ పెంపు బాగున్న సిలిండర్లకూ పడుతుంది. ఫలితం: మైలేజీ పడిపోతుంది, కోడ్ మాత్రం 'పలచన' అంటుంది. కాలని పెట్రోల్ సైలెన్సర్‌లోని కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ కాలుతుంది. ఎక్కువకాలం ఇలాగే నడిపితే అది కరిగి మూసుకుపోతుంది కూడా. కాబట్టి తేలేదాకా దూరాలు పోకండి.

సెన్సార్‌కు ముందు ఎగ్జాస్ట్ గొట్టంలో చిల్లు ఉన్నా బయటి గాలి లోపలికి లాగబడి ఇదే అబద్ధం చెబుతుంది. కానీ అప్పుడు ఒక్క ప్లగ్గే నల్లబడదు. మీ విషయంలో ఒక్కటే నల్లబడింది కాబట్టి ఆ సిలిండర్‌కే పోదాం.

ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒక్కో ఇంజెక్టర్ కప్లర్ విప్పి మళ్లీ పెట్టించండి. ప్లగ్ వైర్లు మాత్రం లాగనివ్వకండి. బాగున్న సిలిండర్ కప్లర్ విప్పితే ఇంజిన్ తడబడుతుంది. మూడోది విప్పితే మార్పు ఉండదని నా అంచనా. ఐడ్లింగ్‌లో గాలిని సర్దే ఐడిల్ వాల్వు వెంటనే ఆర్‌పీఎంను సర్దేస్తుంది, అందుకని విప్పిన మొదటి క్షణంలోనే చెవి పెట్టి వినాలి.

తర్వాత మూడో ప్లగ్గును ఒకటో దాంట్లో వేసి చూడండి. జబ్బు ప్లగ్గు వెంట వెళ్తే ప్లగ్గే. వెళ్లకపోతే ఆ వైరు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్. క్యాప్ విప్పి లోపలి గోడను వెలుతురుకు తిప్పి చూడండి. ఒక ఇత్తడి మొన నుంచి పక్క మొనకో అంచుకో పెన్సిల్‌తో గీసినట్టు సన్నని బూడిదరంగు గీత కనిపిస్తే స్పార్క్ ప్లగ్గు దాకా వెళ్లకుండా ఆ గీత వెంబడి పారిపోతోందన్నమాట. అది కార్బన్ దారి. గీకినా పోదు, క్యాప్ మార్చాల్సిందే. రాత్రి చీకట్లో ఇంజిన్ ఆన్‌లో ఉండగా వైర్ల మీద నీళ్లు పొగమంచులా స్ప్రే చేసినా, లీకయ్యే చోట నీలిరంగు మెరుపులు కంటికే కనిపిస్తాయి. మీ బండి వానలో ఎక్కువ మొరాయిస్తోందంటే ఈ పరీక్ష తప్పక చేయించండి. చేతులు మాత్రం దూరంగా ఉంచాలి, అక్కడ పారేది వేల వోల్టులు.

ఎత్తు ఎక్కేటప్పుడే ఎందుకంటారా? యాక్సిలరేటర్ నొక్కితే సిలిండర్ లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ ప్లగ్గు మొనల మధ్య స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. వైరు ఇన్సులేషన్‌లో బలహీనత ఉంటే, అంతకన్నా తేలిక దారి దొరికి స్పార్క్ అటు పోతుంది. ప్లగ్గు గ్యాప్ అరిగి పెద్దదైనా ఇదే సంగతి. మామూలుగా 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి.

ఇవన్నీ బాగుంటే ఆ సిలిండర్ కంప్రెషన్ (పిస్టన్ నొక్కినప్పుడు లోపల వచ్చే ఒత్తిడి) కొలిపించండి. వాల్వు కాలి ఉంటే ఎన్ని ప్లగ్గులు మార్చినా ఉపయోగం లేదు.

ప్రశ్న: రాత్రంతా ఆపి ఉంచితే పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొట్టాలి. ఒకసారి అందుకున్నాక రోజంతా ఇబ్బంది లేదు. ఈమధ్య పెట్రోల్ కూడా ఎక్కువ తాగుతోంది. బ్యాటరీ కొత్తదే.

జవాబు: రేపు పొద్దున సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి, పంపు శబ్దం ఆగేదాకా ఉండి, ఆఫ్ చేయండి. ఇలా రెండు మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే లైన్‌లో ఉండాల్సిన పెట్రోల్ ఒత్తిడి రాత్రికి రాత్రే దిగిపోతోందని అర్థం.

అది ఎటు పోతోంది? మీరు మైలేజీ మాట ఎత్తారు కాబట్టి ముందు ప్రెషర్ రెగ్యులేటర్ చూడండి. ఇంజెక్టర్ రెయిల్ చివర గుండ్రంగా ఉండి, దాన్నుంచి ఒక సన్నని వాక్యూమ్ గొట్టం ఇన్‌టేక్‌కు వెళ్తుంది. ఆ గొట్టం లాగి లోపల పెట్రోల్ తడి, వాసన ఉందేమో చూడండి. ఉంటే లోపలి డయాఫ్రమ్ చిరిగింది. పెట్రోల్ ఆ దారిన నేరుగా ఇంజిన్‌లోకి పోతోంది. ఒత్తిడి దిగడానికీ, ఎక్కువ తాగడానికీ ఒకటే కారణం. రెగ్యులేటర్ మార్చేయండి.

పొడిగా ఉంటే గేజి పెట్టక తప్పదు. ఇలాంటి పాత ఇంజెక్షన్ బండ్లలో ఎక్కువగా 2.5 నుంచి 3.5 బార్ దాకా ఉంటుంది. ఐడ్లింగ్‌లో వాక్యూమ్ గొట్టం తగిలించి ఉంటే అర బార్ దాకా తక్కువ చూపిస్తుంది, గొట్టం తీస్తే పైకి లేవాలి. లేవకపోతే రెగ్యులేటర్ పని చేయడం లేదు. ఇంజిన్ ఆపాక ముల్లు గబగబా దిగిపోతుంటే, ఈసారి పంపు ఒత్తిడి ఎక్కించి ఆగిన వెంటనే సప్లై వైపు రబ్బరు గొట్టాన్ని క్లాంపుతో నొక్కండి. ముల్లు నిలబడితే పంపులోని చెక్ వాల్వు. నిలబడకపోతే రిటర్న్ గొట్టాన్నీ నొక్కండి, అప్పుడు నిలబడితే రెగ్యులేటర్. రెండూ నొక్కినా దిగుతుంటే ఏదో ఇంజెక్టర్ కారుతోంది. నొక్కేది రబ్బరు గొట్టాన్నే, ప్లాస్టిక్ లైన్‌ను నొక్కితే విరుగుతుంది. గేజి తగిలించే ముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్‌ను దానంతటదే ఆగేదాకా నడవనిచ్చి ఒత్తిడి దించండి. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్మితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

ఒత్తిడి బాగానే నిలబడితే కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ చూడండి. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో కంట్రోల్ యూనిట్‌కు చెప్పేది ఇదే, పెట్రోల్ ఎంత పోయాలన్నది దాన్ని బట్టే. చాలా బండ్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్స్, 80 దాటితే రెండు మూడు వందల ఓమ్స్ ఉంటుంది. డ్యాష్‌బోర్డులో వేడి ముల్లు సరిగ్గానే ఉంది కదా అంటారేమో, పాత బండ్లలో ఆ ముల్లుకు సెన్సార్ వేరు, కంట్రోల్ యూనిట్‌కు వేరు.

ప్రశ్న: మాది 1994 బండి. ఏ స్కానరూ కలవడం లేదు. కంట్రోల్ యూనిట్ పోయినట్టేనా?

జవాబు: కాదు. అన్ని బండ్లకూ ఒకే సాకెట్, ఒకే భాష అన్నది అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకు 2001 నుంచి తప్పనిసరి అయింది. అంతకుముందు ఏ కంపెనీ పద్ధతి దానిది. చాలావాటిలో డయాగ్నస్టిక్ కప్లర్‌లో రెండు పిన్నులు కలిపితే చెక్ ఇంజిన్ లైటే మిణుకుతూ కోడ్ చెబుతుంది. పొడుగు మిణుకులు పదులు, పొట్టివి ఒకట్లు అన్న లెక్క చాలాచోట్ల ఉంది. ఏ పిన్నులో మీ బండి సర్వీస్ మాన్యువల్ చూసే కలపండి, ఊహించి కలపకండి. వచ్చిన కోడ్ ఫలానా సర్క్యూట్‌లో తేడా అని మాత్రమే చెబుతుంది. ఆ సర్క్యూట్‌లో వైరూ ఉంటుంది, కప్లరూ ఉంటుంది, ఎర్తూ ఉంటుంది.

ప్రశ్న: తాళం సెల్ఫ్ దగ్గర పట్టుకున్నంతసేపూ ఇంజిన్ పలుకుతుంది. వదలగానే ఆగిపోతుంది.

జవాబు: ఇగ్నిషన్ స్విచ్‌లో 'ఆన్' కాంటాక్టు అరిగింది. తాళం సెల్ఫ్‌లో ఉన్నప్పుడూ, ఆన్‌లో ఉన్నప్పుడూ కాయిల్ ప్లస్ దగ్గర టెస్ట్ ల్యాంపు పెట్టి చూడండి. మొదటిదాంట్లో వెలిగి రెండోదాంట్లో ఆరితే స్విచ్ మార్చండి. తాళం వదిలాక ఒకటి రెండు సెకన్లు నడిచి ఆగుతుంటే, తాళం బొమ్మ ఉన్న లైటు కూడా మిణుకుతుంటే, అది ఇమ్మొబిలైజర్ (తాళాన్ని గుర్తుపట్టకపోతే ఇంజిన్‌ను ఆపేసే దొంగల కట్టడి). స్విచ్ జోలికి పోకుండా ముందు రెండో తాళంతో ప్రయత్నించండి.

ప్రశ్న: వెనకటిలా నడుస్తున్న ఇంజిన్‌లో ప్లగ్ వైరు లాగి స్పార్క్ చూస్తే తప్పా? మా మేస్త్రీ ఇప్పటికీ అలాగే చూస్తాడు.

జవాబు: ప్లాటినం పాయింట్ల (డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకుని మూసుకునే కాంటాక్టుల) కాలంలో చెల్లింది. ఇప్పటి కాయిల్‌కు, దాన్ని నడిపే మాడ్యూల్‌కు ఎర్త్ దొరకకపోతే పుట్టిన వోల్టేజీ పోయే దారి లేక లోపలి ఇన్సులేషన్‌నే చీల్చుకుంటుంది. స్పార్క్ చూద్దామని వెళ్లి కొత్త జబ్బు తగిలించినట్టవుతుంది. మీ మేస్త్రీగారికి ఒక స్పార్క్ టెస్టర్ కొనిపెట్టండి. అది దొరికేదాకా, ఇంజిన్ ఆపి, ఇంజెక్టర్ల కప్లర్లు విప్పి, వైరుకు ఒక మంచి ప్లగ్గు తగిలించి, దాని లోహపు ఒంటిని జంపర్ వైరుతో ఇంజిన్ బ్లాకుకు గట్టిగా క్లిప్పు పెట్టి, అప్పుడు సెల్ఫ్ కొట్టించమనండి. ప్లగ్ రంధ్రాలకు దూరంగా పెట్టాలి, లోపలి నుంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది. నీలం తెలుపు రంగులో టప్ టప్‌మని కొడితే స్పార్క్ ఉన్నట్టు. పసుపు, నారింజ రంగుల్లో సన్నగా ఉంటే బలం చాలదు. అప్పుడు సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి, పదికన్నా కిందికి పోతుంటే కాయిల్‌ను అనుమానించే ముందు బ్యాటరీ, ఎర్త్ కేబుల్ బిగింపు చూసుకోండి.